వేర్వేరు జీపీయూలకు ముందే బిల్డ్ చేసిన బైనరీలు: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద పనిచేసే మిత్రులు కలిసినప్పుడల్లా, ఇంజినీరింగ్ కాలేజీల ల్యాబుల్లో కొత్త ప్రోగ్రాం ఎక్కించి చూపినప్పుడల్లా జీపీయూల కోసం బైనరీలు తయారుచేయడం గురించి ఇవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నాయి. జీపీయూ అంటే గ్రాఫిక్స్ కార్డులోని ప్రాసెసర్, బైనరీ అంటే సోర్స్ కోడ్‌ను కంపైల్ చేసి నేరుగా నడిపేలా సిద్ధం చేసిన ఫైలు. ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు రాసే బదులు ఒకచోట చేర్చాను. ప్రశ్నలను అడిగినవారి మాటల్లోనే ఉంచాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా అర్థమవుతుంది కాబట్టి మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్లవచ్చు.

## మొదలుపెట్టే ముందు

సోర్స్ కోడ్ ఇచ్చాం కదా, బైనరీలు కూడా ఎందుకు ఇవ్వాలి?

తెలుగు పుస్తకాల స్కాన్ పుటలను చదివి అక్షరాలుగా మార్చే ప్రోగ్రాం ఒకటి మీరు రాశారనుకుందాం. దాన్ని వాడవలసినవారు గ్రంథాలయ సిబ్బంది, ఉపాధ్యాయులు, పరిశోధక విద్యార్థులు. కుడా టూల్‌కిట్ (ఎన్‌విడియా జీపీయూలకు ప్రోగ్రాం కంపైల్ చేసే సాధనాల మూట) దించుకోండి, దానికి సరిపడే కంపైలర్ వెతుక్కోండి, విండోస్ అయితే విజువల్ స్టూడియో కూడా ఎక్కించుకోండి అంటే వాళ్లు అక్కడే ఆగిపోతారు. టూల్‌కిట్ ఒక్కటే కొన్ని జీబీలు. అమీర్‌పేట హాస్టల్లో అందరూ పంచుకునే వైఫై మీద అది దిగేసరికి రాత్రి గడిచిపోతుంది. ఆపైన 8 జీబీ మెమరీ ఉన్న ల్యాప్‌టాప్‌లో కంపైల్ మధ్యలో ఆగితే మళ్లీ మొదలుపెట్టే ఓపిక ఎవరికి ఉంటుంది? బైనరీ లేని విడుదల వాళ్ల వరకు విడుదలే కాదు.

సీపీయూ ప్రోగ్రాంకు ఒక్క ఫైలు సరిపోతుంది. జీపీయూకు ఎందుకు సరిపోదు?

ఎక్స్86-64 సీపీయూ 2003లో ఏఎండీ ఆప్టెరాన్‌తో బయటికి వచ్చింది. అప్పటి మూల సూచనలతో కంపైల్ చేసిన ప్రోగ్రాం ఇప్పటి ప్రాసెసర్ మీద కూడా నడుస్తుంది. జీపీయూలలో అలాంటి హామీ లేదు. తరం మారినప్పుడల్లా చిప్ అర్థం చేసుకునే యంత్రభాష మారుతుంది. ఎన్‌విడియా ఆ తరాలను కంప్యూట్ కేపబిలిటీ సంఖ్యలతో గుర్తిస్తుంది: 7.5, 8.6, 8.9 అలా. ఏఎండీ జీఎఫ్‌ఎక్స్ సంఖ్యలతో గుర్తిస్తుంది. ఇది ఒక పొర మాత్రమే. దీని మీద వాడేవారి యంత్రంలోని డ్రైవర్, మీరు వాడిన టూల్‌కిట్, ఆపరేటింగ్ సిస్టమ్, దాని సీ లైబ్రరీ కూడా ఒకదానికొకటి పొసగాలి. ఇన్ని పొరలు ఉన్నాయి కనుకనే ఒక్క ఫైలుతో పని జరగదు.

ఏయే కార్డులకు బిల్డ్ చేయాలో ఎలా తేల్చుకోవాలి?

మీ కార్డును బట్టి కాదు, మీ వాడుకరుల కార్డులను బట్టి. ముందు అడిగి తెలుసుకోండి. మన దగ్గర విద్యార్థుల ల్యాప్‌టాప్‌లలో తరచుగా కనిపించేవి జీటీఎక్స్ 1650, ఆర్‌టీఎక్స్ 3050, ఆర్‌టీఎక్స్ 4050, 4060. వీటి సంఖ్యలు వరుసగా 7.5, 8.6, చివరి రెంటికీ 8.9. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో పాత కార్డు కొని డెస్క్‌టాప్ కూర్చుకున్నవారి దగ్గర జీటీఎక్స్ 1060 ఉండవచ్చు, అది 6.1. అదే ధరలో ఏఎండీ ఆర్‌ఎక్స్ 580 తీసుకున్నవారూ ఉంటారు. పరిశోధన సంస్థల సర్వర్లలో వీ100 అయితే 7.0, ఏ100 అయితే 8.0, హెచ్100 అయితే 9.0. గూగుల్ కొల్యాబ్‌లో ఉచితంగా దొరికే టీ4 సంఖ్య 7.5. కొత్తగా కొన్న ఆర్‌టీఎక్స్ 50 వరుస కార్డులన్నీ 12.0.

ఈ జాబితా చేతిలో ఉంటే సగం నిర్ణయాలు తేలిపోతాయి. జాబితా లేకుండా కనిపించిన ప్రతి సంఖ్యకూ బిల్డ్ చేస్తే ఫైలు బరువెక్కుతుంది, గంటలు ఖర్చవుతాయి.

ఎన్‌విడియా, ఏఎండీ, ఇంటెల్, యాపిల్ అన్నింటికీ ఒకేసారి మొదలుపెట్టాలా?

వద్దు. నా సలహా: ముందు సీపీయూ బైనరీ, తర్వాత వల్కన్ (వేర్వేరు కంపెనీల కార్డులకు పనికొచ్చే ప్రమాణం), ఆ తర్వాత కుడా (ఎన్‌విడియా కార్డులకే పనికొచ్చేది). వల్కన్ బైనరీలో షేడర్లు (జీపీయూ మీద నడిచే చిన్న ప్రోగ్రాంలు) స్పర్-వీ అనే మధ్యంతర రూపంలో ఉంటాయి. వాటిని ఆ యంత్రంలోని డ్రైవరే సొంత చిప్ భాషలోకి మార్చుకుంటుంది. కాబట్టి ఒకే ఫైలు ఎన్‌విడియా, ఏఎండీ, ఇంటెల్ కార్డుల మీద నడుస్తుంది. ఆర్‌ఎక్స్ 580 లాంటి పాత కార్డుకు ఇప్పుడు రాక్‌ఎం (కుడా లాంటి ఏఎండీ వ్యవస్థ) మద్దతు లేదు, వల్కన్ మాత్రం పనిచేస్తుంది. పెద్ద మాత్రిక గుణకారాల్లో కుడా వేగం వల్కన్‌కు అన్నిచోట్లా రాకపోవచ్చు. అయినా అసలు నడవకపోవడం కంటే కొంచెం నెమ్మదిగా నడవడం మేలు. రాక్‌ఎం బిల్డును, ఇంటెల్ కార్డులకు వాడే సైకిల్ (SYCL) బిల్డును అడిగేవారు కనిపించినప్పుడు చేర్చండి.

బిల్డ్ చేయడానికి నా దగ్గర జీపీయూ ఉండాలా?

అక్కర్లేదు. కుడా కంపైలర్ ఎన్‌వీసీసీకి కార్డుతో పని లేదు, ఏ తరానికి కావాలో చెబితే చాలు. లింక్ చేసేటప్పుడు డ్రైవర్ లైబ్రరీ లిబ్‌కుడా అవసరమైతే, టూల్‌కిట్‌లోనే స్టబ్స్ అనే ఫోల్డర్‌లో దాని ఖాళీ ప్రతి ఉంటుంది. గిట్‌హబ్ ఉచితంగా ఇచ్చే మామూలు రన్నర్లలో (బిల్డులు నడిపే యంత్రాల్లో) జీపీయూ ఉండదు, అయినా ఎన్నో ప్రాజెక్టులు అక్కడే కుడా బైనరీలు తయారుచేస్తున్నాయి.

ఆ ఖాళీ ప్రతి మాత్రం మీ ప్యాకేజీలోకి పొరపాటున కూడా రాకూడదు. వస్తే వాడుకరి యంత్రంలో అసలు డ్రైవర్ ఉన్నా ప్రోగ్రాం ఖాళీ ప్రతినే పట్టుకుని, డ్రైవర్ ఒక స్టబ్ మాత్రమే అంటూ 34వ నంబరు దోషం చూపి ఆగిపోతుంది. పరీక్షకు మాత్రం నిజమైన కార్డు కావాల్సిందే.

## బిల్డ్ చేసేటప్పుడు

క్యూబిన్, పీటీఎక్స్ అంటే ఏమిటి? రెండూ పెట్టాలా?

క్యూబిన్ అంటే ఒక నిర్దిష్ట తరం చిప్‌కు పూర్తిగా కంపైల్ అయిన యంత్రభాష. పీటీఎక్స్ అంటే ఎన్‌విడియా ఏర్పరచిన మధ్యంతర భాష, ప్రోగ్రాం నడిచేటప్పుడు డ్రైవర్ దాన్ని ఆ కార్డుకు తగిన యంత్రభాషలోకి మారుస్తుంది. ఈ రెండింటినీ కలిపి ఒకే ఫైలులో పొదిగితే దాన్ని ఫ్యాట్‌బిన్ అంటారు.

రెండూ పెట్టండి. మీ జాబితాలోని ప్రతి కార్డుకూ సరిపోయేలా క్యూబిన్లు, వాటితోపాటు అన్నిటికంటే కొత్త తరానికి ఒక పీటీఎక్స్. క్యూబిన్ ఉంటే ప్రోగ్రాం వెంటనే మొదలవుతుంది. పీటీఎక్స్ ఉంటే, ఇంకా మార్కెట్లోకి రాని కార్డు మీద కూడా మీ పాత బైనరీ నడిచే అవకాశం మిగులుతుంది.

మీ ఫైలులో నిజంగా ఏమున్నాయో చూడటానికి టూల్‌కిట్‌తో వచ్చే క్యూఆబ్జ్‌డంప్ వాడండి. ఈఎల్‌ఎఫ్ (అంటే క్యూబిన్ల) జాబితా అడిగితే ఒక్కో వరుస చివర ఎస్‌ఎం 75, ఎస్‌ఎం 86, ఎస్‌ఎం 89 అని కనిపిస్తాయి, అంటే 7.5, 8.6, 8.9. పీటీఎక్స్ జాబితా అడిగితే కనీసం ఒక్క వరుసైనా రావాలి. బిల్డ్ స్క్రిప్టులో ఏం రాశామన్నది ఒకటి, ఫైలులోకి ఏం వచ్చిందన్నది మరొకటి. విడుదలకు ముందు ఈ రెండు జాబితాలూ చూడకుండా ఫైలు బయటికి పంపవద్దు.

8.0కు బిల్డ్ చేసినది 8.6 కార్డు మీద నడుస్తుందా? 8.6కు చేసినది 8.0 మీద?

మొదటిది నడుస్తుంది, రెండోది నడవదు. క్యూబిన్ అదే ప్రధాన సంఖ్యలో సమానమైన లేదా పెద్దదైన ఉపసంఖ్య ఉన్న కార్డు మీద నడుస్తుంది. 8.0 క్యూబిన్ 8.6, 8.9 కార్డుల మీద నడుస్తుంది, 9.0 మీద నడవదు. 10.0 క్యూబిన్ 12.0 మీద నడవదు కాబట్టి బీ200 సర్వర్‌కు చేసిన బిల్డ్ ఆర్‌టీఎక్స్ 5070కి పనికిరాదు. ఇంకో మెలిక ఉంది: 90ఏ లాగా సంఖ్య చివర అక్షరం ఉన్న లక్ష్యాలు ఆ ఒక్క చిప్ ప్రత్యేక సౌకర్యాల కోసం ఉద్దేశించినవి. వాటి పీటీఎక్స్ కూడా తర్వాతి తరాల మీద నడవదు.

కుడా 11.8, 12, 13లలో ఏ వెర్షన్‌తో బిల్డ్ చేయాలి?

ఎక్కువమంది తడబడేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

టూల్‌కిట్ వెర్షన్ రెండు హద్దులను నిర్ణయిస్తుంది: ఏ కార్డుల వరకు, ఏ డ్రైవర్ నుంచి. కుడా 11 వరుస బైనరీకి లినక్స్‌లో కనీసం 450.80.02 డ్రైవర్ ఉండాలి. 12 వరుసకు 525.60.13, 13 వరుసకు 580 వరుస డ్రైవర్ కావాలి. కార్డుల వైపు చూస్తే 11.8తో హెచ్100, ఆర్‌టీఎక్స్ 40 వరకు వస్తాయి. ఆర్‌టీఎక్స్ 50 వరుసకు క్యూబిన్ పెట్టాలంటే 12.8 తప్పనిసరి. 2025లో వచ్చిన 13.0 మ్యాక్స్‌వెల్ (5.x), పాస్కల్ (6.x), వోల్టా (7.0) అనే పాత తరాలను వదిలేసింది, అందులో 7.5 కంటే కిందికి బిల్డ్ చేయలేరు. అంటే జీటీఎక్స్ 1060 ఉన్న విద్యార్థి, వీ100 సర్వర్ ఉన్న ల్యాబ్ ఇద్దరూ బయట ఉండిపోతారు.

అందుకే ఒకే కుడా బైనరీ ఇవ్వగలిగితే 12.8 లేదా 12.9తో ఇవ్వమంటాను. పాస్కల్ నుంచి ఆర్‌టీఎక్స్ 50 కార్డుల తరమైన బ్లాక్‌వెల్ దాకా ఒకే టూల్‌కిట్‌లో కుదురుతాయి. డ్రైవర్‌ను మార్చే అధికారం విద్యార్థులకు లేని పాత ల్యాబ్ సర్వర్లు మీ జాబితాలో ఉంటే 11.8తో ఇంకొకటి చేర్చండి.

ఒక జాగ్రత్త. 11 నుంచి ఒకే ప్రధాన వెర్షన్ లోపల పాత డ్రైవర్ మీద కొత్త టూల్‌కిట్ బైనరీ నడుస్తుంది, కానీ ఆ వెసులుబాటు క్యూబిన్లకే. 12.8 తయారుచేసిన పీటీఎక్స్‌ను 525 డ్రైవర్ చదవలేదు. ఆ టూల్‌చెయిన్ నాకు తెలియదంటూ 222వ నంబరు దోషం ఇస్తుంది. పీటీఎక్స్ ఉంది కదా అని పాత కార్డుల క్యూబిన్లు తీసేస్తే దెబ్బ తగిలేది పాత డ్రైవర్ ఉన్నవారికే.

ఏఎండీకి పీటీఎక్స్ లాంటిది లేదా?

ఎన్నాళ్లుగానో స్థిరపడి అందరూ ఆధారపడేది లేదు. రాక్‌ఎంలో ప్రతి చిప్‌కూ విడిగా కంపైల్ చేయాలి: ఎంఐ100కు జీఎఫ్‌ఎక్స్ 908, ఎంఐ300కు 942, ఆర్‌ఎక్స్ 6800కు 1030, 7900 ఎక్స్‌టీఎక్స్‌కు 1100, 9070కి 1201. ఒక కుటుంబం మొత్తానికి పనికొచ్చే జనరిక్ లక్ష్యాలు రాక్‌ఎం వాడే కంపైలర్ ఎల్‌ఎల్‌వీఎంలోకి వచ్చాయి. కొత్త రాక్‌ఎంతో బిల్డ్ చేసేవారు వాటిని పరిశీలించవచ్చు.

ఇంకో చిక్కు లైబ్రరీలతో వస్తుంది. మీ కోడ్‌ను 1032కు కంపైల్ చేసినా, మాత్రిక లెక్కల లైబ్రరీ రాక్‌బ్లాస్‌లో ఆ చిప్‌కు తయారుచేసిన కెర్నల్ (జీపీయూ మీద నడిచే కోడ్) ఫైళ్లు లేకపోతే మాత్రిక గుణకారం దగ్గర ఆగిపోతుంది. ఆర్‌ఎక్స్ 6600 (జీఎఫ్‌ఎక్స్ 1032) ఉన్నవారికి ఎదురయ్యేది ఇదే. హెచ్‌ఎస్‌ఏ ఓవర్‌రైడ్ జీఎఫ్‌ఎక్స్ వెర్షన్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను 10.3.0గా పెట్టి 1030 కోడ్‌ను దాని మీద నడిపేవారు చాలామంది ఉన్నారు. అది అధికారిక మద్దతు కాదని సూచనల్లో స్పష్టంగా రాయండి.

ఫైలు రెండు జీబీ దాటగానే లింకర్ ఆగిపోతోంది. ఏం చేయాలి?

ఎక్స్86-64లో మామూలు పద్ధతిలో లింక్ చేసిన కోడ్ తన డేటాను 2 జీబీ దూరం లోపలే చూడగలదు. పది తరాలకు క్యూబిన్లు పొదిగితే ఆ హద్దు దాటి, రీలొకేషన్ సరిపోలేదని లింకర్ చెబుతుంది. మొదట తరాల సంఖ్య తగ్గించండి. 8.0 క్యూబిన్ 8.6, 8.9లను కూడా నడుపుతుంది కాబట్టి, వేగంలో తేడా కొలిచి చూశాకే విడివిడిగా పెట్టండి. తర్వాత జీపీయూ కోడ్‌ను రెండు మూడు షేర్డ్ లైబ్రరీలుగా విడగొట్టండి. కుడా 12.8 నుంచి ఎన్‌వీసీసీలో పరిమాణం కోసం గట్టిగా కుదించే ఎంపిక ఉంది. అయితే అలా కుదించిన ఫైలును 12.4 కాలానికి ముందరి డ్రైవర్లు విప్పలేవు.

బిల్డ్ మధ్యలో మెమరీ అయిపోయి యంత్రం బిగుసుకుపోతోంది

టెంప్లేట్లు ఎక్కువగా ఉన్న ఒక్క కుడా ఫైలు కంపైల్ కావడానికే కొన్ని జీబీల మెమరీ పట్టవచ్చు. బిల్డ్ నడిపే నింజా ఎన్ని కోర్లు ఉంటే దాదాపు అన్ని పనులు ఒకేసారి మొదలుపెడుతుంది. దానికి తోడు ఎన్‌వీసీసీకి థ్రెడ్ల సంఖ్య ఇచ్చి ఉంటే ఆ రెండూ గుణించుకుంటాయి. సమాంతర పనుల సంఖ్యను మెమరీని బట్టి తగ్గించండి. కంపైల్ ఫలితాలను దాచిపెట్టే సీక్యాష్ పెట్టుకుంటే రెండోసారి నుంచి సమయం కలిసివస్తుంది.

మా ఉబుంటులో బాగా నడిచింది, కాలేజీ ల్యాబ్‌లో జీలిబ్‌సీ వెర్షన్ లేదంటోంది

జీలిబ్‌సీ అంటే లినక్స్ సీ లైబ్రరీ. కొత్త జీలిబ్‌సీ మీద బిల్డ్ చేసినది పాత దాని మీద నడవదు, పాత దాని మీద చేసినది కొత్తదాని మీద నడుస్తుంది. ఉబుంటు 20.04లో 2.31, 22.04లో 2.35, 24.04లో 2.39 ఉంటాయి. ల్యాబుల్లో ఇంకా 20.04 నడుస్తుంటే మీ 24.04 బైనరీ అక్కడ మొదటి క్షణంలోనే ఆగిపోతుంది, జీపీయూ దాకా పోనే పోదు. అందుకని బిల్డ్‌ను పాత వ్యవస్థ ఉన్న కంటైనర్‌లో (సొంత లైబ్రరీలతో విడిగా నడిచే వాతావరణంలో) చేయండి. పైథాన్ సమాజం ఇందుకోసమే మెనీలినక్స్ కంటైనర్లు నిర్వహిస్తోంది. మెనీలినక్స్ 2_28 ఆల్మాలినక్స్ 8 మీద ఆధారపడింది, అందులో జీలిబ్‌సీ 2.28. పైథాన్ ప్రాజెక్టు కాకపోయినా దాన్ని వాడుకోవచ్చు. కొత్త కంపైలర్ కూడా అందులోనే దొరుకుతుంది కాబట్టి కొత్త సీ++ వదులుకోనక్కర్లేదు.

జీపీయూ బైనరీయే కదా, ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్ అని సీపీయూ దోషం ఎందుకు వస్తోంది?

మీ బిల్డ్‌లో నేటివ్ ఎంపిక (బిల్డ్ చేసే సీపీయూకే తగ్గట్టు కంపైల్ చేయమనేది) ఆన్‌లో ఉండి ఉంటుంది. అది మీ సీపీయూలోని ఏవీఎక్స్-512 లాంటి సూచనలను వాడేసింది, వాడుకరి సీపీయూలో అవి లేవు. పంపిణీ చేసే బిల్డ్‌లో నేటివ్ ఎప్పుడూ ఆఫ్‌లో ఉండాలి.

మాక్‌కు వేరే కంప్యూటర్ మీద బిల్డ్ చేయవచ్చా?

యాపిల్ నిబంధనల ప్రకారమూ, ఆచరణలోనూ మాక్ మీద చేయడమే మంచిది. సొంత మాక్ లేకపోతే గిట్‌హబ్ మాక్ రన్నర్లు ఉన్నాయి. యాపిల్ సొంత జీపీయూ వ్యవస్థ మెటల్ షేడర్లను ముందే మెటల్‌లిబ్‌గా కంపైల్ చేసి పెట్టవచ్చు, లేదా సోర్సుగానే ఉంచి మొదటిసారి నడిచినప్పుడు కంపైల్ చేయించవచ్చు. యాపిల్ సిలికాన్ మాక్‌లలో సంతకం అసలే లేని బైనరీ నడవదు. బ్రౌజర్‌తో దించుకున్న ఫైలును హెచ్చరిక లేకుండా తెరవాలంటే నోటరైజేషన్ (యాపిల్ తనిఖీ చేసి ఇచ్చే ఆమోదం) కూడా కావాలి. అందుకు ఏడాదికి 99 డాలర్ల డెవలపర్ సభ్యత్వం అవసరం. చిన్న బృందానికి అది భారమే, అందుకే చాలామంది హోమ్‌బ్రూ (మాక్‌లో ప్యాకేజీలు ఎక్కించే వ్యవస్థ) మార్గం పడతారు.

## ప్యాక్ చేసేటప్పుడు

ఏ లైబ్రరీలు జోడించాలి, ఏవి జోడించకూడదు?

డ్రైవర్‌తో వచ్చేవి జోడించకూడదు, టూల్‌కిట్‌తో వచ్చేవి జోడించాలి. లినక్స్‌లో లిబ్‌కుడా, విండోస్‌లో ఎన్‌వీకుడా డీఎల్‌ఎల్ డ్రైవర్ భాగాలు. మీ ప్రతిని వెంట పంపితే వాడుకరి కెర్నల్ డ్రైవర్‌తో వెర్షన్ కలవక చెడిపోతుంది. కుడా రన్‌టైమ్, కుబ్లాస్ (మాత్రిక లెక్కల లైబ్రరీ) మీరు జోడించవలసినవి. రన్‌టైమ్‌ను ఎన్‌వీసీసీ సాధారణంగా స్టాటిక్‌గానే లింక్ చేస్తుంది. కుబ్లాస్ మాత్రం వందల ఎంబీలు ఉంటుంది.

జోడించిన లైబ్రరీలు ప్రోగ్రాంకు దొరకాలంటే లినక్స్‌లో ఆర్‌పాత్‌ను (లైబ్రరీలు వెతికే దారిని) ఆరిజిన్‌కు (ప్రోగ్రాం ఉన్న ఫోల్డర్‌కు) సాపేక్షంగా పెట్టండి, విండోస్‌లో డీఎల్‌ఎల్‌లను ప్రోగ్రాం పక్కనే ఉంచండి. పైథాన్ వీల్ (ప్యాకేజీ ఫైలు) అయితే ఆడిట్‌వీల్ అనే సాధనం ఈ పని చేసిపెడుతుంది. దానికి లిబ్‌కుడాను మినహాయించమని చెప్పడం మరవకండి.

కుబ్లాస్‌ను మా జిప్‌లో పెట్టి పంచడానికి లైసెన్స్ ఒప్పుకుంటుందా?

కుడా లైసెన్స్ ఒప్పందంలో అటాచ్‌మెంట్ ఏ అనే అనుబంధంలో పంచదగిన ఫైళ్ల జాబితా ఉంది. కుడా రన్‌టైమ్, కుబ్లాస్, కుఎఫ్‌ఎఫ్‌టీ అందులో ఉన్నాయి. ఆ జాబితాలో లేని ఫైలును పంచవద్దు. మీ ప్రోగ్రాం జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కింద ఉంటే ఈ యాజమాన్య లైబ్రరీలతో కలిపి పంచడం మీద విడిగా ఆలోచించాలి. రాక్‌ఎం లైబ్రరీలు చాలావరకు ఎంఐటీ వంటి స్వేచ్ఛా లైసెన్సుల్లో ఉన్నాయి కాబట్టి అక్కడ పని తేలిక.

ఒకే ప్యాకేజీలో కుడా, వల్కన్, సీపీయూ అన్నీ పెట్టవచ్చా?

పెట్టవచ్చు. ప్రధాన ప్రోగ్రాంను ఏ జీపీయూ లైబ్రరీతోనూ లింక్ చేయకుండా, ఒక్కో బ్యాకెండ్‌ను (కుడా, వల్కన్, సీపీయూలకు లెక్కలు చేసే భాగాన్ని) విడి షేర్డ్ లైబ్రరీగా బిల్డ్ చేసి, ప్రోగ్రాం మొదలైనప్పుడు తెరిచి చూడాలి. కుడా లైబ్రరీ తెరుచుకోకపోతే వల్కన్, అదీ కాకపోతే సీపీయూ. భాషా నమూనాలను నడిపే లామా డాట్ సీపీపీ అనుసరించే పద్ధతి ఇదే. డ్రైవర్ లైబ్రరీతో నేరుగా లింక్ చేస్తే మాత్రం ఎన్‌విడియా డ్రైవర్ లేని యంత్రంలో ప్రోగ్రాం మొదలే కాదు.

పైపైలో వీల్‌గా ఎక్కిస్తే పిప్ తానే సరైన జీపీయూ బిల్డ్ ఎంచుకుంటుందా?

పైపై అంటే పైథాన్ ప్యాకేజీల భాండాగారం, పిప్ అంటే అక్కడి నుంచి వాటిని ఎక్కించే సాధనం. ప్రస్తుత వీల్ పేర్లలో పైథాన్ వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్, సీపీయూ రకం మాత్రమే ఉంటాయి, జీపీయూకు చోటు లేదు. కాబట్టి ఎంచుకోదు. జీపీయూ వాడే పైథాన్ లైబ్రరీల్లో కుపై బృందం కుడా వెర్షన్‌కు ఒక ప్యాకేజీ పేరు పెట్టింది. పైటార్చ్ బృందం కుడా వెర్షన్‌కు ఒక విడి ఇండెక్స్ చిరునామా నడుపుతోంది. చిన్న ప్రాజెక్టుకు మొదటి పద్ధతే తేలిక. వీల్ వేరియంట్లు అనే కొత్త ప్రతిపాదన ఈ లోటు తీర్చడానికి వచ్చింది, పైటార్చ్ 2.8 దాన్ని ప్రయోగాత్మకంగా చూపించింది.

పైపైలో ఒక్కో ఫైలుకు మామూలు పరిమితి 100 ఎంబీ, మొత్తం ప్రాజెక్టుకు 10 జీబీ. పెంచమని అడగవచ్చు. అంతకంటే ముందు కుబ్లాస్‌ను వీల్ లోపల పెట్టకుండా, ఎన్‌విడియా పైపైలో ఉంచిన దాని ప్యాకేజీని ఆధారంగా చూపండి.

డాకర్ ఇమేజ్ ఇస్తే ఈ బాధలన్నీ పోతాయి కదా?

కొన్ని పోతాయి. జీలిబ్‌సీ, టూల్‌కిట్ గొడవ ఉండదు. డ్రైవర్ మాత్రం హోస్ట్‌దే, అంటే కంటైనర్‌ను నడిపే అసలు యంత్రానిదే. ఎన్‌విడియా కంటైనర్ టూల్‌కిట్ హోస్ట్ డ్రైవర్ లైబ్రరీలను కంటైనర్‌లోకి తెస్తుంది, కాబట్టి డ్రైవర్ పాతదైతే కంటైనర్ లోపల కూడా అదే దోషం. బిల్డ్‌కు డెవెల్ ఇమేజ్ వాడి, పంచేందుకు రన్‌టైమ్ లేదా బేస్ ఇమేజ్ వాడండి.

## పంపిణీ చేసేటప్పుడు

ఫైలుకు ఏ పేరు పెట్టాలి?

దించుకోకముందే తనకు పనికొస్తుందో లేదో వాడుకరికి తెలిసేలా. ప్రోగ్రాం పేరు, వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్, సీపీయూ రకం, బ్యాకెండ్, దాని వెర్షన్ ఈ వరుసలో రాయండి. విడుదల పుటలో ప్రతి ఫైలు ఎదురుగా కనీస డ్రైవర్, పనిచేసే కార్డుల పేర్లు ఉండాలి. 8.6 అని రాస్తే ఎవరికీ తెలియదు, ఆర్‌టీఎక్స్ 3050, 3060 అని రాయండి. ఈ చిన్న పట్టిక లేని విడుదలలకే ఎక్కువ ఫిర్యాదులు వస్తాయి.

ఇంత పెద్ద ఫైళ్లు ఎక్కడ పెట్టాలి?

గిట్‌హబ్ విడుదలల్లో ఒక్కో ఫైలు 2 జీబీ లోపు ఉండాలి, మొత్తం పరిమాణానికి హద్దు లేదు. కుడా లైబ్రరీలను ఒక జిప్‌గా, మీ ప్రోగ్రాంను ఇంకో జిప్‌గా విడగొట్టండి. లైబ్రరీలు అరుదుగా మారతాయి కాబట్టి ప్రతి విడుదలకూ వాడుకరి చిన్న జిప్ మాత్రమే దించుకుంటారు. కాలేజీలో వందమందికి శిక్షణ ఇస్తుంటే ముందురోజే ల్యాబ్ సర్వర్‌లో ప్రతి పెట్టించండి. అందరూ ఒకేసారి బయటి నుంచి దించుకుంటే ఉదయం పూట అంతా దానికే పోతుంది.

చెక్‌సమ్ ఇస్తే చాలా, సంతకం కూడా కావాలా?

షా-256 చెక్‌సమ్ అంటే ఫైలు నుంచి లెక్కగట్టిన గుర్తింపు సంఖ్య, దించుకోవడంలో ఫైలు చెడిందో లేదో అది చెబుతుంది. కానీ ఎవరైనా మీ ఖాతాలోకి చొరబడి ఫైలును మారిస్తే పక్కనే ఉన్న చెక్‌సమ్‌నూ మారుస్తారు. ఈ ఫైలు ఈ సోర్స్ నుంచి ఈ బిల్డ్‌లోనే వచ్చిందని రుజువు చేసే గిట్‌హబ్ అటెస్టేషన్ లేదా సిగ్‌స్టోర్ సంతకం జోడించండి. మీ బైనరీని నమ్మి ఇతరులు తమ యంత్రంలో నడుపుతున్నారు, ఆ నమ్మకానికి ఈ మాత్రం పని చేయాలి.

## వాడుకరుల నుంచి వచ్చేవి

ఎన్‌విడియా ఎస్‌ఎంఐలో కుడా 12.4 అని ఉంది. అంటే నా దగ్గర టూల్‌కిట్ ఉన్నట్టేనా?

కాదు. ఎన్‌విడియా ఎస్‌ఎంఐ అంటే డ్రైవర్‌తో వచ్చే, కార్డు వివరాలు చూపే ఆదేశం. మీ డ్రైవర్ గరిష్ఠంగా ఏ కుడా వెర్షన్‌ను అందుకోగలదో అది చెబుతుంది. టూల్‌కిట్ అసలు లేకపోయినా ఆ సంఖ్య కనిపిస్తుంది. ముందే బిల్డ్ చేసిన బైనరీ నడపడానికి మీకు టూల్‌కిట్ అక్కర్లేదు, తగిన డ్రైవర్ చాలు.

నో కెర్నల్ ఇమేజ్ అనే దోషం వస్తోంది

మీ కార్డుకు సరిపోయే క్యూబిన్ గానీ పీటీఎక్స్ గానీ ఆ ఫైలులో లేదు. దాని నంబరు 209. ల్యాబ్‌లో పక్కపక్కన ఉన్న రెండు యంత్రాల్లో ఒకే ఫైలు ఒకదానిలో నడిచి, ఇంకోదానిలో ఈ మాట చెప్పి ఆగడం తరచుగా చూస్తాం. పేటికలు రెండూ ఒకేలా ఉంటాయి, డ్రైవర్ కూడా ఒకటే. లోపలి కార్డు ఒకదానిలో జీటీఎక్స్ 1060, ఇంకోదానిలో 1650 అయి ఉంటుంది. డ్రైవర్ మళ్లీ ఎక్కించడం వల్ల ఇది పోదు. కార్డు పేరు రాసి బిల్డ్ చేసినవారికి పంపండి, ఈలోపు వల్కన్ బైనరీ వాడండి.

మొదటిసారి తెరిస్తే చాలాసేపు కదలడం లేదు. తర్వాత బాగానే ఉంది

మీ కార్డుకు క్యూబిన్ లేక డ్రైవర్ పీటీఎక్స్‌ను కంపైల్ చేసుకుంటోంది. ఫలితాన్ని దాచుకుంటుంది కాబట్టి రెండోసారి వేగంగా వస్తుంది. డ్రైవర్ మార్చాక మళ్లీ ఒకసారి ఆలస్యమవుతుంది.

కార్డు ఉన్నా సీపీయూ మీదే నడుస్తోంది

ముందుగా సీపీయూ బైనరీ దించుకోలేదని నిర్ధారించుకోండి. లినక్స్‌లో ఏఎండీ కార్డు అయితే మీ ఖాతా రెండర్, వీడియో సమూహాల్లో ఉందో లేదో చూడండి. లేకపోతే కార్డును తెరిచే అనుమతి ఉండదు. విండోస్‌లో డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్ లోపల లినక్స్ నడిపే వ్యవస్థ) వాడుతుంటే లోపల లినక్స్ డ్రైవర్ ఎక్కించకండి, విండోస్ డ్రైవరే లోపలికి అందుతుంది.

బిల్డ్ చేసేవారికి ఒక విన్నపం: జీపీయూ దొరక్క సీపీయూకు మారినప్పుడు ఆ సంగతి, దానికి కారణం తెర మీద రాయండి. చెప్పకుండా మారే ప్రోగ్రాం వల్ల తన కార్డు పాడైందని కంగారుపడిన విద్యార్థులు ఉన్నారు.

## విడుదల తర్వాత

పాత కార్డులకు మద్దతు ఎప్పుడు ఆపవచ్చు?

టూల్‌కిట్ వదిలేసింది కాబట్టి మనమూ వదిలేద్దాం అనకండి. మ్యాక్స్‌వెల్, పాస్కల్, వోల్టాలకు ఎన్‌విడియా చివరి డ్రైవర్ వరుస 580. ఆ డ్రైవర్ ఉన్నంతకాలం మీ 12 వరుస బైనరీ అక్కడ నడుస్తూనే ఉంటుంది. కొత్త కార్డు కొనే స్తోమత లేనివారే పాత కార్డు వాడుతున్నారు, వారికోసం ఒక బిల్డ్ అదనంగా నడపడం పెద్ద ఖర్చు కాదు. ఆపక తప్పనప్పుడు ఒక విడుదల ముందుగా చెప్పండి, చివరగా పనిచేసిన ఫైలును తీసేయకుండా అక్కడే ఉంచండి.

అన్ని కార్డులూ మా దగ్గర లేవు. ఎలా పరీక్షించాలి?

ఒక్క కార్డుతోనే కొంత పరీక్షించవచ్చు. కుడా ఫోర్స్ పీటీఎక్స్ జిట్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను 1 చేస్తే డ్రైవర్ క్యూబిన్లను పక్కనపెట్టి పీటీఎక్స్‌నే కంపైల్ చేస్తుంది. అలా నడిస్తే రాబోయే కార్డుల దారి తెరిచి ఉన్నట్టు. కుడా డిజేబుల్ పీటీఎక్స్ జిట్‌ను 1 చేస్తే దీనికి వ్యతిరేకంగా, క్యూబిన్ ఉందా లేదా తేలుతుంది.

మిగతా కార్డులకు మనుషులే దిక్కు. ప్రోగ్రాంలోనే స్వీయపరీక్ష ఆదేశం ఒకటి పెట్టండి. అది కార్డు పేరు, డ్రైవర్ వెర్షన్, వాడిన బ్యాకెండ్, ఒక చిన్న లెక్క ఫలితం సీపీయూ ఫలితంతో సరిపోయిందో లేదో నాలుగు వరుసల్లో ముద్రించాలి. విడుదలకు వారం ముందు పరీక్ష ప్రతిని కాలేజీ ల్యాబుల్లోని మిత్రులకు పంపితే ఆ నాలుగు వరుసలు ఫోనులో ఫొటో తీసి పంపిస్తారు. హెచ్100 లాంటివి ఎవరి దగ్గరా లేకపోతే క్లౌడ్‌లో గంట అద్దెకు తీసుకోండి. అద్దె లెక్క మొదలయ్యేలోపే ఫైళ్లు సిద్ధం చేసుకుంటే ఆ గంటలో అన్ని పరీక్షలూ అయిపోతాయి.